నలభై ఒక్క పూరేడు పిట్టలు

అనగనగా ఒక అడవిలో, మరీ లోపలికి కాదర్రా, జొన్నచేలు అయిపోయి రేగుతుప్పలు మొదలయ్యే చోట, ఒక పూరేడు పిట్టల మంద ఉండేది. పూరేడు పిట్టని ఎప్పుడైనా చూశారా? చూసుండరు. అది చెట్టెక్కదు. నేలమీదే తిరుగుతుంది, నేలమీదే పడుకుంటుంది. గుప్పెడంత ఉంటుంది. మట్టిరంగు కాబట్టి దగ్గరికెళ్ళేదాకా కనపడదు. కాలు వెయ్యబోయేసరికి బుర్రుమని లేస్తుంది, మన గుండె జారిపోతుంది.

ఆ మందలో పేర్లు పెట్టే పద్ధతి ఒకటుంది. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల మొట్టమొదట ఏ గింజ తింటే అదే దాని పేరు. కొర్రగింజ తిన్నది కొర్రమ్మ. ఆవగింజ తిన్నవాడు ఆవాలయ్య. నువ్వుగింజ తిన్నది నువ్వులమ్మ. నవ్వకండి. మీ పేర్లు మాత్రం ఏం అంత గొప్పవి?

పేర్లకి పద్ధతి ఉన్నట్టే పడుకోడానికీ ఒక పద్ధతి ఉంది. ఇది చెవులు పెట్టి వినండి, మళ్ళీ చెప్పమంటే చెప్పను. పొద్దు వాలగానే మందంతా రెండు బండరాళ్ళ మధ్య ఉన్న జాగాకి చేరేది. అక్కడ వరసలు కట్టి కూచునేది. ఏ వరసలో చూసినా పిట్టలు సమానంగా ఉండాలి. ముందు వరస ముందుకి చూస్తుంది. వెనక వరస వెనక్కి చూస్తుంది. ప్రతి వరసలోనూ ఈ చివరిది ఇటు, ఆ చివరిది అటు చూస్తుంది. మధ్యలో ఉన్నవి హాయిగా నిద్రపోతాయి. ఏ వైపు నుంచి ఏదొచ్చినా ఎవరో ఒకరి కంట్లో పడుతుంది. ఒక్క కూత వినబడితే చాలు, మందంతా ఒక్కసారే పైకి లేచిపోతుంది.

మరి ఒక వరసలో పిట్ట తక్కువైతే? ఆ మూల బోసిపోతుంది. అటు చూసే కన్ను ఉండదు. ఒక పిట్ట ఎక్కువైతే? అది ఏ వరసలోనూ పట్టక బయట ఒంటరిగా మిగిలిపోతుంది. అలా మిగిలినదాని కోసమే రోజూ బండమీద కాచుకుని కూచునేది బావురుపిల్లి.

"మీ మంద జోలికి నేను రానమ్మా. అన్ని కళ్ళతో నాకెందుకొచ్చిన గొడవ? మిగిలింది మాత్రం నాది" అని అందరికీ వినబడేట్టే అనేది.

అప్పటికి మందలో ఉన్నవి నలభై పిట్టలు. ఐదు వరసలు, వరసకి ఎనిమిది. రెండేళ్ళుగా వానల్లేవు, గింజల్లేవు, పిల్లలూ లేవు. మంద పెరగలేదు, తరగలేదు. కాబట్టి పెద్దదిక్కైన కొర్రమ్మకి ఐదూ ఎనిమిదీ తప్ప ఇంకో లెక్కతో పనిపడలేదు. రోజూ సాయంత్రం పేర్లు పిలిచేది, అందరూ వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూచునేవారు, అంతే.

ఒక సాయంత్రం ఒక ముసలి కౌజుపిట్ట కుంటుకుంటూ వచ్చింది. కౌజు అంటే పూరేడుకి దూరపు చుట్టం అనుకోండి. ఒళ్ళు కాస్త పెద్దది, గొంతు మరీ పెద్దది. దాని వాళ్ళందరూ వేటగాళ్ళ వలలో పడిపోయారు.

"అమ్మా, ఒక్కదాన్నే అయిపోయాను. ఈ కాలుతో పరిగెత్తలేను. మీ వరసల్లో ఓ మూల ఇంత చోటిస్తే పడుంటాను" అంది.

కొర్రమ్మ చెడ్డది కాదు. కాకపోతే ఐదూ ఎనిమిదీ దాటి ఆలోచించడం దానికి అలవాటు లేదు.

"మేం నలభై మందిమి ఉన్నాం. నువ్వొస్తే నలభై ఒకటి. ఐదు వరసలూ నిండాక ఒకరు మిగులుతారు. మిగిలినవాళ్ళని పిల్లి ఎత్తుకుపోతుంది. నీ మంచికే చెబుతున్నాను, ఇంకెక్కడైనా చూసుకో తల్లీ" అంది.

"అదీగాక నువ్వు మా జాతిదానివి కావు" అని పక్కనుంచి ఆవాలయ్య అందుకున్నాడు. అతన్ని ఎవరూ అడగలేదు. ఆవాలయ్యని ఎవరూ ఏదీ అడగరు, అయినా చెబుతూనే ఉంటాడు.

కౌజుపిట్ట "అలాగేనమ్మా" అని, అవతల ఉన్న రేగుతుప్ప కిందికి వెళ్ళి ముళ్ళ మధ్య ముడుచుకు కూచుంది. ఇంకెక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళడానికి చోటంటూ ఉండాలి కదా.

ఆ ఏడు వానలు పడ్డాయి. నువ్వులమ్మ గుడ్లు పెట్టింది. వాననీళ్ళు వచ్చి గుడ్లన్నీ కొట్టుకుపోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ పిల్లయింది. రెండేళ్ళకి మందలో ఒక పిల్ల! అందరూ చుట్టూ చేరి చూశారు. అది తడబడుతూ నడిచి వెళ్ళి సజ్జగింజ మింగింది. పేరు సజ్జ. సజ్జ తుమ్మితే మందంతా తుమ్మినంత హడావుడి. అంత ముద్దు దానిమీద.

కొన్నాళ్ళకి సజ్జకి రెక్కలొచ్చాయి. ఇంక అమ్మ రెక్క కింద పట్టదు. సొంత చోటు ఇవ్వాలి. ఆ సాయంత్రం కొర్రమ్మ సంబరంగా పేర్లు పిలిచింది. చివర్లో "సజ్జా!" అని కూడా పిలిచింది. సజ్జ గెంతుకుంటూ వెళ్ళి ముందు వరసలో కూచుంది. అందరూ సర్దుకున్నారు.

ఆవాలయ్య మిగిలిపోయాడు.

"ఇదేంటి? నా చోటేది?" అన్నాడు.

"సరిగ్గా కూచోలేదు. మళ్ళీ లేచి కూచోండి" అంది కొర్రమ్మ.

అందరూ లేచారు. మళ్ళీ కూచున్నారు. ఈసారి నువ్వులమ్మ మిగిలింది. మళ్ళీ లేచారు. ఈసారి కొర్రమ్మే మిగిలింది. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కూచున్న ప్రతిసారీ ఎవరో ఒకరు మిగులుతున్నారు, అది కూడా ఒక్కోసారి ఒక్కొక్కరు! ఇదేం మాయరా బాబూ అనుకున్నారు. నలభైకి ఒకటి కలిస్తే నలభై ఒకటి అవుతుందని కౌజుపిట్టకి చెప్పింది వాళ్ళే. తమ దాకా వచ్చేసరికి ఆ ముక్క ఒక్కరికీ తట్టలేదు. సొంత పిల్ల ఎక్కువైందని ఎవరికి తడుతుంది చెప్పండి?

బండమీద బావురుపిల్లి పంజా నాక్కుంటూ అంది. "ఏమ్మా, ఏదో మిగిలినట్టుందే?"

"ఏమీ మిగల్లేదు, పో!" అని కొర్రమ్మ అరిచింది. "సజ్జా, నువ్వు మధ్యలోకి రా. ఇద్దరి మధ్యా దూరి కూచో."

సజ్జ మూడో వరసలో దూరింది. బాగానే ఉందనుకున్నారు. ఇంతలో ఎండుకొమ్మ ఒకటి ఫట్‌మని విరిగింది. ఎవరో కూశారు. మంద బుర్రుమని లేవబోయింది. ఇరుక్కున్న చోట రెక్క విప్పడానికి వీల్లేక సజ్జ పక్కదాన్ని గుద్దింది, పక్కది దాని పక్కదాన్ని గుద్దింది, మూడో వరస మొత్తం నాలుగో వరస మీద పడింది. ఈకలు, దుమ్ము, తిట్లు! అది పిల్లి కాదు గనక సరిపోయింది. లేకపోతే ఆ గందరగోళంలో ఎంతమంది పోయేవారో.

రెండో సాయంత్రం ఇంకో ఉపాయం చేశారు. సజ్జని ఐదో వరస వెనకాల, అమ్మ వీపుకి ఆనించి, విడిగా కూచోబెట్టారు.

"అమ్మా, నా పక్కన ఎవరూ లేరే?" అంది సజ్జ.

"నేనున్నాగా. తిరగకు, అటే చూస్తూ ఉండు" అంది నువ్వులమ్మ.

చిన్నపిల్ల ఎంతసేపని చూస్తుంది? రెప్ప వాలింది. బావురుపిల్లి బండ దిగింది. పొట్ట నేలకి ఆనించి, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది. ఇంకొక్క గెంతు దూరంలో ఉండగా, "పిల్లో! పిల్లి! లేవండర్రోయ్!" అని రేగుతుప్పలోంచి ఒక పెద్ద గొంతు వినబడింది. మంద పైకి లేచింది. సజ్జ కూడా లేచింది. దాని తోక ఈకలు మాత్రం పిల్లి పంజాలో ఉండిపోయాయి.

అరిచింది ఎవరో మీకు తెలుసు. మందకీ తెలుసు. కానీ ఆ హడావుడిలో ఎవరూ ఆ తుప్ప వైపు వెళ్ళి ఒక్క మంచిమాట అనలేదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మూడో సాయంత్రం ఆవాలయ్య ముందుకొచ్చాడు. "వదినా, నాకు వదిలెయ్. వరసలుంటే కదా మిగలడం! అందరం ఒకే వరసలో కూచుంటే?"

కూచున్నారు. ఎనిమిది పిట్టలు పట్టే జాగాలో నలభై ఒకటి! ఆ వరస బండల మధ్య నుంచి బయటికి పాకి, చీమలపుట్ట మీదుగా పోయి, వాగులో తేలింది. ఆ చివరున్న పిట్ట నడుందాకా నీళ్ళలో కూచుని తుమ్ముతోంది. ఈ చివర కూసింది ఆ చివరకి వినబడలేదు. వెనక వరస లేదు కాబట్టి వెనక ఏముందో చూసేవాళ్ళే లేరు. బావురుపిల్లి ఆ వరస వెంబడి షికారుకొచ్చినట్టు నడుచుకుంటూ పోయి, "నాకే ఏది తినాలో తెలియడంలేదమ్మా" అంది. అందరూ చెల్లాచెదురుగా ఎగిరిపోయారు.

మళ్ళీ జాగాలో చేరి రొప్పుతూ ఉంటే ఆవాలయ్య ఊరుకోలేదు. "నాలుగు వరసలు కట్టండి!" అన్నాడు. వరసకి పది. ఒకటి మిగిలింది. "అయితే పది వరసలు!" వరసకి నాలుగు. ఒకటి మిగిలింది. "రెండు!" ఒకటి మిగిలింది. "ఎనిమిది వరసలు, వరసకి ఐదు! ఇది ఎవరికీ తట్టలేదు చూశారా, సరికొత్తది!"

"బాబాయ్, అది మన ఐదూ ఎనిమిదే. పక్కకి తిరిగి కూచున్నాం, అంతే" అంది నువ్వులమ్మ.

ఆవాలయ్య పక్కకి తిరిగి చూశాడు. నిజమే. "అయితే... నాలుగు కట్టండి" అన్నాడు.

"ఇందాక కట్టాంగా!"

"కట్టామా? ఎప్పుడు?"

ఏది చూశారో, ఏది చూడలేదో ఎవరికీ గుర్తులేదు. లేవడం, కూచోవడం, లేవడం, కూచోవడం. ఒకడు మూడంటాడు, ఒకడు ముప్ఫై అంటాడు. మోకాళ్ళు పట్టేశాయి, బుర్రలు వేడెక్కాయి. చెబుతుంటే నాకే తల తిరుగుతోంది, కాసిని మంచినీళ్ళిలా ఇవ్వండి.

ఆఖరికి ఆవాలయ్య విసిగిపోయి అనేశాడు. "ఇంతమందిమి ఎందుకు చావాలి? ఒకరు తగ్గితే మళ్ళీ నలభై. మన ఐదూ ఎనిమిదీ మనకుంటాయి."

అందరి చూపులూ ఒకే చోటికి పోయాయి. తోకలేని సజ్జ అమ్మ వెనకాల నక్కింది.

"దాన్ని పంపితే నేనూ దానితో పోతాను" అంది నువ్వులమ్మ.

"నువ్వూ పోతే ముప్ఫై తొమ్మిది. ఐదో వరసలో ఒకరు తగ్గి మూల బోసిపోతుంది. నువ్వు పోడానికి వీల్లేదు!" అన్నాడు ఆవాలయ్య.

"అయితే పిల్లనొక్కదాన్నీ పిల్లికి వెయ్యమంటావా? నీ నోటికి ఎలా వచ్చింది బాబాయ్ ఆ మాట?" అని నువ్వులమ్మ భోరుమంది.

ఆవాలయ్య తల దించుకున్నాడు. అయినా మందలో చాలామంది లోపల అదే అనుకుంటున్నారని కొర్రమ్మకి తెలుసు. ముద్దొచ్చినప్పుడు అందరి పిల్ల, భయమేసినప్పుడు నువ్వులమ్మ పిల్ల.

"రేపు పొద్దు వాలేదాకా ఆగండి" అంది కొర్రమ్మ. "అప్పటికీ నేను దారి చూపించలేకపోతే మీరేం చెబితే అది."

ఆ రాత్రికి నువ్వులమ్మ సజ్జని రెక్క కింద దాచుకుంది. సగమే పట్టింది. ఎవరికీ కునుకు లేదు.

తెల్లారాక కొర్రమ్మ వాగు ఒడ్డుకి ఒక్కతే వెళ్ళింది. ఒక్కో పేరూ తలుచుకుంటూ ఒక్కో గులకరాయి ముక్కుతో తెచ్చి పెట్టుకుంది. చిట్టచివర చిన్న తెల్లరాయి, అది సజ్జ. మొత్తం నలభై ఒకటి.

కొర్రమ్మ కూడా మొదట్లో ఆవాలయ్యలాగే చేసింది. నాలుగు వరసలు పెట్టింది, చెరిపేసింది. తొమ్మిది పెట్టింది, చెరిపేసింది. మళ్ళీ నాలుగు పెట్టింది. ఇది పెట్టానా, పెట్టలేదా? ఏమో. ఎండెక్కింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "ఛీ, నా బుర్ర తగలెయ్య!" అనుకుంది. ఇలా ఎంతసేపు గెంతినా చూడనిది ఏదో ఒకటి ఉండిపోతుందేమోనన్న భయం పోదు. అప్పుడు దానికి అనిపించింది, గెంతడం మానేసి ఒకటి నుంచి మొదలెడితే పోలేదా అని.

ఒక వరస పెట్టింది. నలభై ఒకటీ బారుగా. అది నిన్న చూశాం, వాగులో తేలింది.

రెండు వరసలు. వరసకి ఇరవై, ఒకటి మిగిలింది. అదీ తెల్లరాయే.

మూడు వరసలు. వరసకి పదమూడు, రెండు మిగిలాయి.

నాలుగు వరసలు. వరసకి పది, ఒకటి మిగిలింది.

ఐదు వరసలు. పాత ఐదూ ఎనిమిదే, ఒకటి మిగిలింది.

ఆరు వరసలు పెట్టింది. వరసకి ఆరు, ఐదు మిగిలాయి.

ఏడు వరసలు పెట్టబోయి ఆగింది. ఏడు వరసలు కట్టాలంటే వరసకి ఆరుకన్నా తక్కువే వస్తాయి. ఐదో, నాలుగో, మూడో. కానీ వరసకి ఐదు చొప్పున పెట్టినా, ఐదు వరసలు పెట్టినా ఒకటే. పక్కకి తిరిగి చూడ్డమే కదా! నువ్వులమ్మ నిన్న అన్నది అదే. ఆ చిన్న అంకెలన్నీ చూసేయడం అయిపోయింది. ఒక్కటీ కుదరలేదు. అంటే ఏడైనా, ఎనిమిదైనా, ఇరవై అయినా కుదరవు. ఇంక చూడక్కర్లేదు.

నలభై ఒకటికి ఉన్నది ఒక్క జంటే. ఒకటీ, నలభై ఒకటీ. వేరే జంట లేదు.

లెక్క తేలినందుకు సంతోషించాలో, తేలిన లెక్క చూసి ఏడవాలో కొర్రమ్మకి తెలియలేదు. అక్కడే కూలబడింది. అంటే సజ్జని పంపించెయ్యాల్సిందేనా? ఏ మొహం పెట్టుకుని నువ్వులమ్మకి చెప్పను?

దాని ఎదురుగా ఆరు వరసలూ అలాగే ఉన్నాయి. మిగిలిన ఐదు రాళ్ళూ పక్కన పడున్నాయి. ఊరికే ఉండలేక, వాటిని ఆరు వరసల కింద ఏడో వరసగా పేర్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరో చోటు ఖాళీ.

కొర్రమ్మ ఆ ఖాళీని చూసింది. ఇటు నుంచి చూసింది, అటు నుంచి చూసింది. "అరే!" అంది. "ఇన్నాళ్ళూ ఒకటి ఎక్కువైందని ఏడుస్తున్నాం కదే! ఇక్కడ చూస్తే ఒకటి తక్కువ!"

గబగబా చుట్టూ వెతికింది. దగ్గర్లో ఇంకో గులకరాయి లేదు. ఎవరో తిని పడేసిన రేగుగింజ ఒకటి ఉంది. దాన్ని తెచ్చి ఆ ఖాళీలో పెట్టింది. రాయి కాదది, గింజ. మిగతావాటికన్నా కాస్త పెద్దది కూడా. అయినా వరస నిండిపోయింది.

కొర్రమ్మ ఆ గింజని మళ్ళీ చూసింది. రేగుగింజ. రేగుతుప్ప. దానికి సిగ్గుతో ఒళ్ళు ముడుచుకుపోయింది.

నేరుగా రేగుతుప్ప దగ్గరికి వెళ్ళింది. కౌజుపిట్ట ముళ్ళలోంచి తల బయటపెట్టింది.

"పిన్నీ" అంది కొర్రమ్మ. అంతకుముందు అలా పిలవలేదు. "మా వరసలోకి రా."

కౌజుపిట్ట దాన్ని ఎగాదిగా చూసింది. "నేనొస్తే ఒకటి మిగులుతుందన్నావుగా?"

"అన్నాను. అప్పుడు నలభై మందిమి. ఇప్పుడు నువ్వు రాకపోతే మిగులుతుంది పిన్నీ. నీ కూతతో బతికిన పిల్లే మిగులుతుంది."

"ఓహో. లెక్కకి అవసరమయ్యానన్నమాట" అంది కౌజుపిట్ట.

"అవును. అవసరమయ్యాకే వచ్చాను. మొన్న నువ్వు అరిచినప్పుడే రావలసింది. తప్పు నాది" అంది కొర్రమ్మ.

కౌజుపిట్ట తుప్పలోంచి ఒక్కో ముల్లూ తప్పించుకుంటూ బయటికొచ్చింది. "పిల్ల తోక మొలుస్తోందా?" అని అడిగింది. అంతే, కొర్రమ్మ గొల్లుమంది.

సాయంత్రం మంద దగ్గర ఆవాలయ్య ఎగిరిపడ్డాడు. "కౌజుపిట్టా? మన మధ్యనా? మన పద్ధతేమైపోవాలి?"

"వరస నిండాలన్నది మన పద్ధతి. ఫలానావాళ్ళతోనే నిండాలని ఎవరన్నారు?" అంది కొర్రమ్మ. "అయినా నామాట నమ్మొద్దు. ఒకటి నుంచీ చూద్దాం రా. ఇప్పుడు మనం నలభై రెండు. ఒక వరసైతే నలభై రెండూ బారుగా. రెండు వరసలైతే?"

"ఇరవై ఒకటి చొప్పున" అన్నాడు ఆవాలయ్య. "అరే, మిగల్లేదే!"

"మిగల్లేదు గానీ ఇరవై ఒకటి ఈ బండల మధ్య పట్టవు. మూడు వరసలు?"

"పద్నాలుగు చొప్పున. ఇదీ కుదిరింది, ఇదీ పట్టదు."

"నాలుగుకి రెండు మిగులుతాయి. ఐదుకీ రెండు మిగులుతాయి. ఆరు వరసలు?"

ఆవాలయ్య కాళ్ళ గోళ్ళు కూడా లెక్కపెట్టుకున్నాడు. "ఏడు చొప్పున!" అని అరిచాడు. "ఏడు వరసలైతే ఆరు చొప్పున! వదినా, ఎనిమిది కూడా చూద్దామా? తొమ్మిది?"

"ఆగవయ్యా. ఆరూ ఏడూ అయ్యాక ఏడూ ఆరూ వచ్చింది. జంట తిరగబడింది. ఇక్కణ్ణుంచి ఏం చూసినా చూసినవే వెనక్కి చూడ్డం. ఏడు వరసలు, వరసకి ఆరు. కూచోండి."

పేర్లు పిలవడం మొదలెట్టింది. ఒక్కొక్కరే వచ్చి కూచున్నారు. ఏడో వరసలో ఐదో చోటు సజ్జకి వచ్చింది. చివరి మూల చోటు మిగిలింది. అందరూ కౌజుపిట్ట వైపు చూశారు. దాన్ని ఏ పేరుతో పిలవాలో కొర్రమ్మకి తెలీదు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు.

"పిన్నీ, పుట్టాక నువ్వు మొదట తిన్న గింజేమిటి?"

కౌజుపిట్ట ఆలోచించింది. ఎప్పటి మాట అది! దాన్ని అలా అడిగినవాళ్ళే లేరు. "సామ" అంది మెల్లగా. "మా అమ్మ సామగింజ పెట్టింది."

"అయితే, సామమ్మా!" అని కొర్రమ్మ గొంతెత్తి పిలిచింది.

సామమ్మ కుంటుకుంటూ వెళ్ళి సజ్జ పక్కన కూచుంది. సజ్జ అటు జరిగి చోటిచ్చి, "అవ్వా, నా పక్కన ఇన్నాళ్ళూ ఎవరూ లేరు" అంది.

"నా పక్కనా లేరమ్మా" అంది సామమ్మ.

పొద్దు వాలింది. బావురుపిల్లి బండ దిగి వచ్చింది. "ఏదమ్మా ఇవాళ మిగిలింది?" అంటూ ముందు వైపు వెళ్ళింది. అక్కడ కళ్ళు. పక్కకి వెళ్ళింది. అక్కడా కళ్ళు. వెనక్కి వచ్చి మూలకి చూసింది. బోసిగా ఉంటుందనుకున్న మూల నిండుగా ఉంది. "నలభై ఒకటి కదా... ఐదు వరసలైతే ఒకటి మిగలాలి... నాలుగైనా ఒకటి మిగలాలి..." అని గొణుక్కుంటూ చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది. దానికి లెక్క తెగలేదు. ఆకలికి ఆగలేక సజ్జ వైపే ఒక అడుగు వేసింది.

"పిల్లో! పిల్లి!" అని సామమ్మ అరిచిన అరుపుకి బండలే అదిరాయి. నలభై రెండు పిట్టలు ఒక్కసారిగా బుర్రుమని లేచాయి. ఒక్క రెక్కా ఇంకో రెక్కకి తగల్లేదు. పిల్లి కళ్ళలో దుమ్ము, నోట్లో దుమ్ము. తుమ్ముకుంటూ పారిపోయింది. మిగిలినవి ఉన్న మంద కోసం ఇంకో అడవి వెతుక్కుందో, ఇంకేం చేసిందో, ఆ బండమీద మాత్రం మళ్ళీ కనబడలేదు.

సజ్జకి తోక మొలిచింది. మంచి తోక.

నీతి: లెక్క తేలనప్పుడు గెంతకండి. ఒకటి నుంచి వరసగా చూసుకుంటూ రండి, జంట తిరగబడగానే ఆగండి. ఒకరు ఎక్కువయ్యారని ఎవర్నైనా బయటికి పంపబోయే ముందు, మనకి ఒకరు తక్కువేమో అదీ చూసుకోండి.